ఊడిపోయిన కొమ్ము మీది గాయం కొత్త కొమ్ములో మళ్లీ ఎలా కనిపిస్తుంది?

మీ ప్రశ్న ఇది: "దుప్పి కొమ్ములు ఏటా ఊడి కొత్తవి వస్తాయి కదా. ఒక ఏడాది కొమ్ముకు దెబ్బ తగిలితే, ఆ కొమ్ము రాలిపోయాక వచ్చే కొత్తదాంట్లో కూడా అదే చోట బుడిపె వస్తుందని ఒక వీడియోలో విన్నాను. దెబ్బతిన్న కొమ్మే లేనప్పుడు ఆ గుర్తు ఎక్కడ ఉంటుంది? నిజమేనా? డీఎన్‌ఏ మారిపోతుందా, పిల్లలకు కూడా వస్తుందా?"

నిజమే. కాకపోతే ఆ మాట కింద మూడు వేరువేరు సంగతులను కలిపి చెబుతుంటారు. వాటిలో ఒకటే నిజంగా అంతుచిక్కనిది. నేను పశువైద్యుణ్ణి. పద్దెనిమిదేళ్లుగా ఆవరణల్లో పెంచే జింకలకు, దుప్పులకు వైద్యం చేస్తున్నాను. చేత్తో చూసింది, చదివి తెలుసుకున్నది రెండూ కలిపి రాస్తాను. కాస్త పెద్దదవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందు మాటతోనే ఒక చిక్కుంది. తెలుగులో ఆవుకున్నదీ కొమ్మే, దుప్పికున్నదీ కొమ్మే. ఆవు, మేక, కృష్ణజింక కొమ్ములకు లోపల ఎముక ఉంటుంది, పైన గోరులాంటి పదార్థంతో గట్టి తొడుగు ఉంటుంది. అవి ఊడవు, కొమ్మలు వేయవు, విరిగితే మళ్లీ రావు. పేరులో జింక ఉన్నా కృష్ణజింక ఈ లెక్కన మేకకే దగ్గర. దుప్పి, కణుజు, రెయిన్‌డీర్, మూస్ లాంటి వాటి కొమ్ము అలా కాదు. అది మొత్తం ఎముక. ఏటా కొత్తగా పెరుగుతుంది, కొమ్మలు వేస్తుంది, గట్టిపడుతుంది, ఊడిపోతుంది. రెయిన్‌డీర్‌లో ఆడవాటికీ ఉంటాయి, మిగతా జాతుల్లో మగవాటికే. ఇక్కడ నేను కొమ్ము అన్న ప్రతిసారీ ఈ రెండో రకమే అనుకోండి.

ఊడటం దగ్గర నుంచి చూస్తే సగం విషయం అక్కడే అర్థమవుతుంది. పొద్దున మేత వేయడానికి వెళ్తే దుప్పి ఒంటికొమ్ముతో నిలబడి ఉంటుంది. రెండోది ఎక్కడో కంచె పక్కన పడి ఉంటుంది. తీసి మొదలు తిప్పి చూస్తే గరుకుగా, కొద్దిగా ఉబ్బెత్తుగా ఉంటుంది. దుప్పి నుదుటి మీద మాత్రం పచ్చి పుండు, అంచుల్లో కాస్త రక్తం. ముందురోజు అదే కొమ్ముతో చెట్టును పొడిచిన జంతువే ఇది. ఎముకను కరిగించే కణాలు చేరి మొదలు దగ్గర సన్నని గీతలా తినేయడంతో, అంత గట్టి కొమ్ము కొద్దిరోజుల్లోనే పట్టు వదిలేస్తుంది. ఆ పుండు మీద నల్లటి చెక్కు కడుతుంది. చెక్కు కింద చుట్టూ ఉన్న చర్మం అంచుల నుంచి మధ్యకు జరుగుతూ వచ్చి మూసేస్తుంది. మచ్చ మిగలదు. మన ఒంటి మీద అంత పుండు మానితే ఎంత మచ్చ పడుతుందో తెలుసు కదా, అక్కడ నున్నటి చర్మం వస్తుంది, దాని కిందే కొత్త కొమ్ము ఉబ్బుతూ ఉంటుంది.

కొమ్ము ఊడినా తల మీద మిగిలే ఎముక మోడును పీఠం అంటాను. అది నుదుటి ఎముకలో భాగం, ఎప్పటికీ ఊడదు. మీ ప్రశ్నకు జవాబు సగం ఈ పీఠంలోనే ఉంది కాబట్టి దాన్ని గుర్తుపెట్టుకోండి.

పెరుగుతున్న కొమ్ము మీద మొఖమల్ గుడ్డలాంటి చర్మం ఉంటుంది, వెల్వెట్ అనే అంటారు. మత్తులో ఉన్న దుప్పి కొమ్ము మీద మొదటిసారి చెయ్యి వేసినప్పుడు నేను ఉలిక్కిపడ్డాను. జ్వరం వచ్చిన పిల్లాడి నుదురులా వేడిగా ఉంది. వేళ్ల కింద నాడి కొట్టుకుంటోంది. చివర వేలితో నొక్కితే రబ్బరులా మెత్తగా లోపలికి పోతుంది, కిందికి వచ్చేకొద్దీ గట్టిగా తగులుతుంది. దాని నిండా రక్తనాళాలు, నరాలు. ముఖానికి స్పర్శనిచ్చే నరం కొమ్మలే పాకుతూ పైదాకా వెళ్తాయి. అందుకే ఆ దశలో దుప్పి కొమ్మును ఎక్కడా తగలనివ్వదు. గొడవ పడాల్సి వస్తే కొమ్ములు ఎత్తిపెట్టి ముందుకాళ్లతో తన్నుకుంటాయి.

పెద్ద జాతుల్లో ఈ పెరుగుదల రోజుకు సుమారు 2 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. క్షీరదాల్లో ఇంత వేగంగా పెరిగే ఎముక ఇంకొకటి లేదు. దానికి కావాల్సిన సున్నం ఒక్క మేతతో సరిపోదు, దుప్పి తన పక్కటెముకల నుంచి కూడా లాక్కుని తర్వాత నింపుకుంటుంది. పెరగడం పూర్తయ్యే సమయానికి టెస్టోస్టిరాన్ పెరుగుతుంది, కొమ్ము గట్టిపడుతుంది, చర్మానికి రక్తం ఆగిపోతుంది. దుప్పి దాన్ని చెట్లకేసి రుద్ది పీలికలుగా ఊడగొట్టుకుంటుంది. అదే హార్మోను పడిపోయినప్పుడు కొమ్ము ఊడుతుంది. గట్టి కొమ్ములున్న దుప్పికి వృషణాలు తీసేస్తే కొద్ది వారాల్లో కొమ్ములు రాలిపోయి, తర్వాత వచ్చేవి ఎప్పటికీ వెల్వెట్‌లోనే ఉండిపోతాయి.

ఇంకొక్క సంగతి చెప్పి అసలు విషయానికి వస్తాను. కొమ్ము మొలిచే శక్తి పీఠం ఎముకను అంటిపెట్టుకున్న పలచటి పొరలో ఉంది. 1974లో హార్ట్‌విగ్, ష్రూడే అనే ఇద్దరు కొమ్ములు రాని వయసు జింకపిల్ల నుదుటి మీది ఆ పొరను తీసి దాని కాలికే అతికించారు. కాలి మీద కొమ్ము మొలిచింది! ఆ తర్వాత చున్యీ లీ బృందం పీఠం మీది పొర మొత్తం ఒలిచేస్తే కొత్త కొమ్ము రాదని చూపించింది. 2023లో చైనా శాస్త్రవేత్తలు సికా జింక కొమ్ముల నుంచి తీసిన మూలకణాలను ఎలుకల నుదుటి మీద పెడితే కొమ్ములాంటి చిన్న ఎముకలు వచ్చాయి. అంటే కొమ్ముకు విత్తనం ఆ పొర.

ఇక గాయాల సంగతి.

మొదటి రకం, పీఠానికే దెబ్బ తగలడం. మగవి రెండూ కుమ్ముకున్నప్పుడో, గోడకు గుద్దుకున్నప్పుడో పీఠం చిట్లుతుంది, లేదా దాని పక్కన చీము పడుతుంది. ఆ ఏడాది కొమ్ము వంకర వస్తుంది, మరుసటి ఏడాదీ వంకరే, చచ్చేదాకా వంకరే. ఒక్కోసారి పక్క నుంచి మూడో కొమ్ము కూడా లేస్తుంది. చూసినవాళ్లు "ఎంత గుర్తుందో" అంటారు. కానీ ఇందులో జ్ఞాపకం ఏమీ లేదు. ఇటుక మూసకు బీట పడితే ప్రతి ఇటుకకూ ఆ గీత పడుతుంది, అంతే. నా అనుభవంలో ఏటా తిరిగొచ్చే వంకరల్లో ఎక్కువ భాగం ఇవే. ఫోటో చూపించి ఎవరైనా అడిగితే నేను ముందు పీఠం వైపే చూస్తాను.

రెండో రకం కాలికి దెబ్బ. వెనక కాలు విరిగిన దుప్పికి చాలాసార్లు అవతలి వైపు కొమ్ము పొట్టిగానో వంకరగానో వస్తుంది. ఎడమ కాలు విరిగితే కుడి కొమ్ము. ముందుకాలి విషయంలో ఇంత కచ్చితంగా ఉండదు, అదే వైపు రావచ్చు. ఇది చాలాకాలంగా వేటగాళ్లకూ పశువైద్యులకూ తెలిసిన విషయం. 1972లో తెల్లతోక జింకల మీద కావాలనే కాలికి గాయం చేసి కూడా పరిశీలించారు. కాలు మానాక కూడా కొన్నింటిలో ఆ తేడా తర్వాతి కొమ్ముల్లో కొనసాగుతుంది. ఎందుకు ఎదుటి వైపు అన్నదానికి ఒంటి బరువు మోసే తీరు మారడం దగ్గర నుంచి నరాల అడ్డదారుల దాకా రకరకాల వివరణలు ఉన్నాయి. వాటిలో ఏదీ ఇంకా తేలలేదు.

మూడోది మీరు అడిగింది. దెబ్బ పీఠానికి కాదు, కాలికి కాదు. పెరుగుతున్న కొమ్ముకే, మధ్యలో ఎక్కడో. ఆ గాయం ఉన్న కొమ్ము ఏడాది చివర ఊడి నేల మీద పడుతుంది. పీఠం చెక్కుచెదరకుండా ఉంటుంది. అయినా మరుసటి ఏడాది కొమ్ము సరిగ్గా ఆ ఎత్తుకు వచ్చేసరికి అక్కడ బుడిపో, లేని చోట ఒక కొత్త కొమ్మో వస్తుంది.

దీన్ని శాస్త్రీయంగా గమనించి రాసింది ఆంథనీ బూబెనిక్. ఆయన, పావ్లాన్‌స్కీ కలిసి పెరిగే కొమ్ములకు గాయాలు చేసి తర్వాతి ఏళ్ల కొమ్ములను పోల్చి చూసి 1965లో ప్రచురించారు. అసలు దెబ్బ తగిలిన కొమ్ము ఎప్పుడో పోయినా, దాని ప్రభావం కొన్నేళ్ల పాటు కనిపించింది. దీనికే ట్రోఫిక్ మెమరీ అనే పేరు స్థిరపడింది. ఆయన కొడుకు జార్జ్ బూబెనిక్ కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయంలో ఉంటూ ఈ పనిని చాలా ఏళ్లు కొనసాగించారు. 2014లో ఆయన, టఫ్ట్స్ విశ్వవిద్యాలయం మైకేల్ లెవిన్, మరికొందరు కలిసి ఈ జ్ఞాపకం ఎలా నమోదై ఉండవచ్చో కంప్యూటర్ నమూనాతో వివరించే ప్రయత్నం చేశారు. మీరు చూసిన వీడియో బహుశా లెవిన్ ఉపన్యాసాల నుంచి పుట్టినదే అయి ఉంటుంది. ఆయన ఈ ఉదాహరణ తరచూ చెబుతారు.

నేను చదవకముందే చూసిన ఒక దుప్పి గురించి చెప్పాలి. మచ్చల దుప్పి, మగది. చెవికి గంటు ఉండేది కాబట్టి గంటుచెవి అనేవాళ్లం. వెల్వెట్‌లో ఉండగా ఒక రాత్రి, పనివాళ్లు మర్చిపోయిన తీగచుట్టలో దాని ఎడమ కొమ్ము ఇరుక్కుంది. పొద్దున మేం వెళ్లేసరికి మొదలు నుంచి సుమారు జానెడున్నర పైన చర్మం ఒలిచిపోయి, మెత్తటి భాగం నిలువుగా చీలి వేలాడుతోంది. రక్తం మెడ దాకా కారి ఎండింది, కానీ కారడం అప్పటికే ఆగింది. ఆ రక్తనాళాల గోడలు బాగా మందం, తెగగానే బిగుసుకుంటాయి, అది దాని ప్రాణం కాపాడింది. మత్తిచ్చి కడిగి, ఈగలు వాలకుండా మందు పూసి వదిలాం. వెల్వెట్ గాయంలో పురుగు పడితే తల దాకా పోతుంది, నాకు అసలు టెన్షన్ అదే. మానింది. కొమ్ము గట్టిపడేసరికి అక్కడ పెద్ద ఉసిరికాయంత ముడి.

ఆ కొమ్ము ఊడినప్పుడు తీసి దాచాను. మరుసటి ఏడాది కొత్త కొమ్ము నున్నగా లేచింది, నేను పట్టించుకోవడం మానేశాను. రెండు నెలలు దాటాక ఒకరోజు మేత వేసే అబ్బాయి వచ్చి, "సార్, గంటుచెవికి మళ్లీ అక్కడే వాచింది, దెబ్బేమీ తగల్లేదు" అన్నాడు. వెళ్లి చూస్తే చర్మం మీద గీత కూడా లేదు. లోపలి నుంచి ఉబ్బుతోంది. ఆ ఏడాది అక్కడ బొటనవేలంత కొమ్మ వచ్చింది, మచ్చల దుప్పికి ఆ చోట కొమ్మ ఉండదు. మూడో ఏడు చిన్న గుబ్బ. నాలుగో ఏడు చేత్తో తడిమితే తప్ప తెలియలేదు. పీఠం ఎక్స్‌రే తీశాం, బీట లేదు. మూడు కొమ్ములూ బల్ల మీద వరుసగా పెట్టి టేపుతో కొలిస్తే ఎత్తులో తేడా రెండు వేళ్లకు మించలేదు. కుడి కొమ్ము మూడేళ్లూ మామూలుగానే ఉంది. ఒక్క జంతువుతో ఏదీ రుజువు కాదు, నాకు తెలుసు. కానీ ఆ మూడు కొమ్ములను పక్కపక్కన చూశాక నేను ఈ విషయాన్ని వదల్లేకపోయాను.

ఇందులో వింత ఎక్కడుందో సరిగ్గా చూడండి. మన గోరు, వెంట్రుక, ఆవు కొమ్ము మొదట్లో పెరుగుతాయి, పాతది పైకి జరుగుతుంది. దుప్పి కొమ్ము చెట్టు కొమ్మలాగా చివర పెరుగుతుంది. పెరిగే మొన ముందు మృదులాస్థి వేస్తుంది, వెనకే అది ఎముకగా మారుతుంది. కాబట్టి కొమ్ము మొలకెత్తే రోజున, గాయం తగిలిన ఆ జానెడున్నర ఎత్తు అనే చోటు లోకంలోనే లేదు. అక్కడ ఉండబోయే కణాలు ఇంకా పుట్టలేదు. మరి మొన ఆ ఎత్తుకు చేరగానే "ఇక్కడ ఆగి ఒక ముడి వెయ్యి" అని చెప్పేది ఎవరు?

నా ఆలోచన ఒకటి చెబుతాను. చివర పెరిగే దానికి ఎత్తు, సమయం ఒకటే. జానెడున్నర ఎత్తు అంటే మొలిచిన ఇన్నో రోజు. కాబట్టి ఎక్కడో కొలబద్ద దాచి ఉండనక్కర్లేదు, క్యాలెండర్ ఉన్నా సరిపోతుంది. మామూలు కొమ్మలు కూడా అలాగే వస్తాయి కదా. మొన పెరుగుతూ పెరుగుతూ ఒక దశలో రెండుగా చీలుతుంది. ప్రతి దుప్పికీ ఆ చీలే తీరు సొంతం. ఊడిన కొమ్ములు ఏటా చూసేవాళ్లు ఇది ఫలానా దాని కొమ్మే అని ఇట్టే గుర్తుపడతారు. అంటే కొమ్ముకు జ్ఞాపకం గాయంతో మొదలు కాలేదు. వంపు, పొడవు, కొమ్మల చోట్లు అన్నీ ఏటా తిరిగి రాసుకునే పాఠమే. ఆ పాఠంలోకి గాయం కూడా ఒక అక్షరంగా చేరింది, అదీ కొన్నేళ్లకు చెరిగిపోతుంది.

ఆ పాఠం ఎక్కడ రాసి ఉంది అన్నది ఇంకా తేలని విషయం. బూబెనిక్‌లు మెదడు వైపు మొగ్గారు. గాయపు నొప్పి నరాల ద్వారా మెదడుకు చేరి, అక్కడ కొమ్ము పటంలో గుర్తు పడుతుందని, మరుసటి ఏడాది నరాలు ఆ పటాన్ని తిరిగి పంపుతాయని వాళ్ల ఊహ. చెయ్యి పోయిన మనిషికి లేని వేళ్లలో నొప్పి రావడం గుర్తు చేసుకుంటే ఇది అంత దూరపు మాట అనిపించదు. పైగా గట్టిపడ్డాక, అంటే వెల్వెట్, నరాలు పోయాక, కుమ్ములాటలో విరిగిన కొమ్మ మరుసటి ఏడాది మామూలుగానే వస్తుంది. స్పర్శ ఉన్న దశలో తగిలిన దెబ్బే తర్వాత కనిపిస్తుంది. ఇది మెదడు వాదానికి అనుకూలం.

కానీ వ్యతిరేకంగా కూడా ఒకటుంది. కొమ్ముకు వెళ్లే నరాలను కోసేసినా కొమ్ము పెరుగుతుంది. చిన్నదిగా, ఆకారం కొంత చెడి వస్తుంది గానీ ఆగదు. కాబట్టి అసలు పాఠం పీఠం పొరలోనే ఉంది, నరాలు దాన్ని దిద్దుతాయి అనుకోవచ్చు. కణాలు తమ స్థితిని ఏళ్ల తరబడి నిలుపుకోగలవని వేరే జీవులు చూపించాయి. ప్లనేరియా అనే చిన్న పురుగును రెండుగా కోస్తే తలకు తోక, తోకకు తల వస్తాయి. కణాల మధ్య విద్యుత్ సంకేతాలు పోయే దారులను కొద్దిసేపు మూసే మందు పెట్టి కోస్తే రెండు తలలు వస్తాయి. ఆ తర్వాత మామూలు నీళ్లలో, మందు లేకుండా ఎన్నిసార్లు కోసినా రెండు తలలే. జన్యువుల్లో అక్షరం కూడా మారలేదు. లెవిన్ దుప్పి కొమ్ము గురించి అంత పట్టుగా మాట్లాడటానికి కారణం ఈ పోలికే.

నా మట్టుకు నాకు ఈ రెండూ కలిసే పని చేస్తాయనిపిస్తుంది, అందులోనూ పీఠం పాత్రే పెద్దదని. గంటుచెవి ముడి ఏడాదికేడాది చిన్నదవుతూ పోయింది. ప్రతి ఏటా పీఠం పొరలో కణాలు విభజన చెందుతూ పాత గుర్తును పలచబరుస్తున్నాయంటే ఆ తగ్గుదల సహజంగా అర్థమవుతుంది. ఇది అభిప్రాయమే, రుజువు కాదు.

డీఎన్‌ఏ మారదు. పిల్లలకు రాదు. గంటుచెవికి పుట్టిన మగపిల్లల్లో రెండింటి కొమ్ములు నేను చూశాను, ఆ చోట ఏమీ లేదు. గొర్రెల తోకలు తరతరాలుగా కత్తిరిస్తున్నా గొర్రెపిల్ల తోకతోనే పుడుతుంది.

ఇన్నేళ్లయినా ఎందుకు తేల్చలేదని మీకు అనిపించవచ్చు. ఎలుక అయితే నెలలో ఫలితం వస్తుంది. దుప్పి అయితే ఏడాదికి ఒక్క ఫలితం. గాయం చేసి నాలుగు జతల కొమ్ములు చూడాలంటే ఐదేళ్లు కావాలి. ఈలోపు అది చావకూడదు, పీఠానికి దెబ్బ తగలకూడదు, కాలు విరగకూడదు. అందుకే ఉన్న సమాచారం కొద్ది, అదీ చాలావరకు పాతది. వీడియోల్లో అంతా తేలిపోయినట్టు చెప్పడం నాకు నచ్చనిది ఇందుకే.

దీనికి ఒక దారి ఉందని నాకు చాలాకాలంగా అనిపిస్తోంది. బ్రౌన్ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ గాస్ 1960ల్లో సికా జింకలను దీపాల కింద పెట్టి, ఏడాది పొడవునా మారే పగలు రాత్రి నిడివిని కొన్ని నెలల్లోకి కుదించారు. జింకలు ఏడాదిలో రెండు మూడు సార్లు కొమ్ములు మార్చాయి. పగలూ రాత్రీ పన్నెండేసి గంటల చొప్పున ఏడాదంతా సమానంగా ఉంచితే మార్చడమే మానేశాయి. గాయపడిన జింకను ఆ కుదించిన వెలుతురులో పెడితే జ్ఞాపకం ఏళ్ల లెక్కన చెరుగుతుందో, కొమ్ముల లెక్కన చెరుగుతుందో తెలుస్తుంది. కొమ్ముల లెక్కన అయితే పీఠం కణాల వాదం గెలుస్తుంది. ఏళ్ల లెక్కన అయితే మెదడు వైపు చూడాల్సిందే.

మీరు దుప్పులను గమనించే మనిషైతే, వంకర కొమ్ము కనబడగానే దీనికి ముడిపెట్టకండి. రెండు వైపులా చెడి ఉంటే మేత, జబ్బు, హార్మోను, ముసలితనం చూడండి. ముసలి మగవాటి కొమ్ములు ఏటికేడు తగ్గడం మామూలే. మొదలు నుంచే వంకర అయితే పీఠం. ఒక వైపు మొత్తం పొట్టిగా ఉంటే నడక చూడండి, వెనక కాలు ఈడుస్తోందేమో. ఇవేవీ కాకుండా ఒకే వైపు, మధ్యలో, ఒకే ఎత్తులో, వరుసగా రెండేళ్లు వస్తే అప్పుడు దాన్ని వదలకండి. రెండు వైపుల నుంచీ ఫోటో తీయండి, తేదీ రాయండి, మొదలు నుంచి ఎత్తు అంచనా వేయండి. వెల్వెట్‌లో ఉన్నప్పుడు ఒకటి, గట్టిపడ్డాక ఒకటి. మొదటి ఏడాది గాయం కళ్లారా చూసిన సాక్ష్యం ఉంటే దాని విలువ పదింతలు. నా దగ్గర కొమ్ములున్నాయి గానీ గంటుచెవి గాయపడిన రోజు ఫోటో లేదు. ఆ పొద్దున రక్తం ఆపే హడావుడిలో ఎవరికీ తోచలేదు.